కువైట్ మీద బస్రా దస్తావేజు

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దూసుకెళ్లినప్పుడు బాగ్దాద్ చెప్పిన సాకులో చరిత్ర ఊసే లేదు. అక్కడి విప్లవకారులు పిలిస్తే వెళ్లామంది. అంతకుముందు జులైలో అరబ్ లీగ్‌కు పంపిన ఫిర్యాదు నిండా చమురు, డబ్బు గొడవే. కువైట్ ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల కూటమి) కోటాకు మించి తోడి ధర పడగొడుతోందని, సరిహద్దు మీది రుమైలా క్షేత్రంలో తమ చమురు దొంగిలిస్తోందని. ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసి అప్పుల్లో మునిగిన ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ బాకీ మాఫీ చేయమంటే కువైట్ ఒప్పుకోలేదు. అసలు మంట అదీ.

కువైట్‌లో ఇరాక్ నిలబెట్టిన కీలుబొమ్మ ప్రభుత్వం వారం కూడా నిలవలేదు. ఆగస్టు 8న విలీనం, 28న ఇరాక్‌కు ‘పందొమ్మిదో రాష్ట్రం’. పాత దస్తావేజు బయటికి తీసింది అప్పుడు: ఒట్టోమన్ తురుష్కుల కాలంలో కువైట్, ఇప్పటి దక్షిణ ఇరాక్‌లోని బస్రా రాష్ట్రంలో భాగమట!

అందులో కొంత నిజముంది. 1871లో బాగ్దాద్ గవర్నరు మిధత్ పాషా కువైట్ షేక్‌కు ‘కాయిమకాం’ (ఒట్టోమన్ల కింది స్థాయి పాలనాధికారి) హోదా ఇచ్చాడు. కానీ 18వ శతాబ్దం నుంచీ అక్కడ ఏలుతున్నది అల్ సబా కుటుంబమే. 1899లో షేక్ ముబారక్, మిమ్మల్ని అడగకుండా ఎవరికీ నేల ఇవ్వనని బ్రిటిష్‌వాళ్లకు రహస్యంగా రాసిచ్చి 15,000 రూపాయలు పుచ్చుకున్నాడు. (రూపాయలే. 1961లో దినారు వచ్చేదాకా అక్కడ నడిచింది రూపాయే.) ఇక ఇరాక్ అనే రాజ్యం పుట్టిందే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత.

1932లో ఇరాక్ ప్రధాని నూరీ అల్ సయీద్ సరిహద్దును ఒప్పుకుంటూ లేఖ రాశాడు. కొన్నేళ్లకే రాజు ఘాజీ తన రేడియోలో కువైట్ మాదేనన్నాడు. 1961 జూన్ 19న కువైట్ స్వతంత్రమైతే, ఆరు రోజులకే అప్పటి ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం మళ్లీ బస్రా మాటెత్తాడు. బ్రిటిష్ సేనలు దిగడంతో ముందడుగు వేయలేకపోయాడు. 1963లో అతణ్ణి కూల్చి వచ్చిన బాత్ పార్టీ ప్రభుత్వం అక్టోబరులో కువైట్ స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. సద్దాందీ ఆ పార్టీయే. 1990లో ఆ కాగితం మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఈ విద్య సద్దాంకు కొత్త కాదు. 1980లో ఇరాన్ మీదికి వెళ్లేముందు ఆ దేశంతో 1975లో చేసుకున్న సరిహద్దు ఒప్పందాన్ని టీవీలో చించేశాడు. ఏడో శతాబ్దంలో అరబ్బులు పర్షియన్లను ఓడించిన ఖాదిసియా పేరునే ఆ యుద్ధానికి పెట్టుకున్నాడు. ఆ యుద్ధానికి అప్పిచ్చినవాళ్లలో కువైట్ కూడా ఉంది.

కువైట్ ఆక్రమణతో కడప, గోదావరి జిల్లాల వలస కార్మికులు సహా సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. 1994 నవంబరులో, ఐక్యరాజ్యసమితి ఖరారు చేసిన సరిహద్దును ఇరాక్ అంగీకరించింది. ఈసారి సంతకం సద్దాందే.