ర్యాక్ ప్రీఆంప్, కంప్రెసర్ గురించి అపోహలు, అసలు విషయాలు

రికార్డింగ్ చేసేవాళ్ళు ఇద్దరు కలిస్తే మాట చివరికి ర్యాక్ (ఆడియో బాక్సులు బిగించే స్టాండ్) మీదకే వస్తుంది, ఏ ప్రీఆంప్ (మైక్ సిగ్నల్ని పెంచే బాక్స్) తీసుకోవాలి, దాని వెనకాల ఏ కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని తగ్గించి సమం చేసే బాక్స్) పెట్టాలి అని. అడగడంలో తప్పేం లేదు, నాకూ ఆ బాక్సులంటే చాలా ఇష్టం. కాకపోతే అవి చేసే పని ఒకటి, వాటి మీద జనం పెట్టుకున్న ఆశ ఇంకొకటి, ఈ తేడా తెలియకపోవడం వల్లే మంచి టేకులు పాడవుతున్నాయి.

అపోహ: ఖరీదైన ప్రీఆంప్ పెడితే నాయిస్ పోతుంది

ఇది అన్నిటికంటే ఎక్కువ వింటాను. ముందు ప్రీఆంప్ పనేంటో చూద్దాం. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, దాన్ని లైన్ లెవెల్ (మిగతా ఆడియో పరికరాలు వాడే స్థాయి) దాకా పెంచాలి, అంతే. ఆ పెంపునే గెయిన్ అంటారు, డీబీ (డెసిబెల్) లెక్కలో చెప్తారు. 60 డీబీ గెయిన్ అంటే వోల్టేజ్‌ని 1000 రెట్లు చేయడం, కాబట్టి ప్రీఆంప్ సొంత నాయిస్ ఎంతో కొంత ముఖ్యమే. కానీ దానికీ ఒక హద్దుంది. 150 ఓమ్‌ల మైక్ అనుకుంటే, ఆ రెసిస్టెన్స్ నుంచే పుట్టే నాయిస్ సుమారు మైనస్ 131 డీబీయూ (వోల్టేజ్‌ని కొలిచే డెసిబెల్ స్కేల్, మైనస్ ఎంత ఎక్కువైతే నాయిస్ అంత తక్కువ), ఎంత డబ్బు పెట్టినా దానికంటే కిందికి పోలేరు. మామూలు ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే బాక్స్) ఉండే ప్రీఆంప్‌లే ఇప్పుడు మైనస్ 128 దగ్గర ఉంటున్నాయి. అంటే గెలుచుకునేది మహా అయితే 3 డీబీ.

ఇప్పుడు గది సంగతి చూడండి. ఒక మాదిరి సెన్సిటివిటీ ఉన్న కండెన్సర్ మైక్‌ని (కరెంట్‌తో నడిచే, గట్టి సిగ్నల్ ఇచ్చే రకం), 30 డీబీ శబ్దం ఉన్న గదిలో పెట్టారనుకోండి, నిజానికి అది ప్రశాంతమైన గదే, అయినా ఆ గది శబ్దం మైక్ దగ్గర ప్రీఆంప్ నాయిస్ కంటే దాదాపు 30 డీబీ పైన ఉంటుంది. మీకు వినిపించే హిస్, ఫ్యాన్ హోరు, కంప్యూటర్ గుయ్యిమనడం అన్నీ గదివి, ప్రీఆంప్‌ని మారిస్తే అవి ఇంకా శుభ్రంగా రికార్డ్ అవుతాయి అంతే!

ప్రీఆంప్ నిజంగా తేడా చూపించే చోట్లు వేరే ఉన్నాయి. షూర్ ఎస్ఎమ్7బి లాంటి డైనమిక్ మైక్ (కరెంట్ అక్కర్లేని, సిగ్నల్ తక్కువిచ్చే రకం), లేదా పాతకాలం రిబ్బన్ మైక్ (లోపల సన్నని లోహపు రేకు ఉండేది), వీటికి గెయిన్ బాగా కావాలి, ఎస్ఎమ్7బి అయితే మామూలు మాటకి 60 డీబీ దాకా అడుగుతుంది, కొన్ని చిన్న ఇంటర్‌ఫేస్‌లు ఆ చివర్లో అలసిపోయి బుస్సుమంటాయి. అక్కడ మంచి ప్రీఆంప్ విలువ తెలుస్తుంది. రెండోది రంగు. 1970లో వచ్చిన నీవ్ 1073 లాంటి ప్రీఆంప్‌లలో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, గెయిన్ ఎక్కువ పెట్టి ఔట్‌పుట్ తగ్గిస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్, ఆంప్ స్టేజీ కలిసి కొంచెం సాచురేట్ అయ్యి (సిగ్నల్ ఆకారం కాస్త మారి) గొంతుకి ఒక బరువు వస్తుంది. గెయిన్ తక్కువ పెట్టి శుభ్రంగా వాడితే మాత్రం దానికీ ఒక మంచి ఇంటర్‌ఫేస్ ప్రీఆంప్‌కీ ఉన్న తేడా చాలామంది అనుకున్నంత పెద్దగా వినపడదు. లెవెల్ సమానం చేసి, ఏది ఏదో చూడకుండా విని చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.

అపోహ: మీటర్ ఎర్రగీత దాకా వస్తేనే క్వాలిటీ

టేప్ రోజుల అలవాటు ఇది, టేప్‌లో హిస్ ఉంటుంది కాబట్టి గట్టిగా రికార్డ్ చేసేవాళ్ళు. 24 బిట్ డిజిటల్ రికార్డింగ్‌లో ఆ అవసరం లేదు. సగటున మైనస్ 18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ స్కేల్, సున్నా దాటితే సౌండ్ పగులుతుంది) దగ్గర, పీకులు మైనస్ 10 లోపు ఉంచితే చాలు, ర్యాక్ గేర్ కూడా ప్లస్ 4 డీబీయూ చుట్టూ హాయిగా పనిచేస్తుంది. సింగర్ రిహార్సల్‌లో పాడినదానికీ టేక్‌లో పాడినదానికీ తేడా ఉంటుంది, ఎర్రలైట్ వెలగ్గానే గొంతు పెరుగుతుంది, కాబట్టి చరణంలో అన్నిటికంటే గట్టి లైన్ పాడించి గెయిన్ పెట్టండి, పల్లవి మొదటి లైన్ చూసి కాదు.

అపోహ: కంప్రెసర్ ఉంది కాబట్టి క్లిప్ అవ్వదు (సిగ్నల్ పగలదు)

కంప్రెసర్ ప్రీఆంప్ తర్వాత ఉంది. ప్రీఆంప్‌లోనే సిగ్నల్ పగిలిపోతే కంప్రెసర్ దగ్గరికి వచ్చేది పగిలిన సిగ్నలే, దాన్ని అది ఒద్దికగా తగ్గించి ఇస్తుంది, పగుళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. పైగా ఔట్‌పుట్ మీటర్ ప్రశాంతంగా కనపడుతుంది కాబట్టి తప్పు ఎక్కడుందో తెలియదు. ఎప్పుడూ ముందు కంప్రెసర్‌ని బైపాస్‌లో పెట్టి ప్రీఆంప్ గెయిన్ సరిచేసుకోండి, తర్వాత లోపలికి తీసుకోండి.

అపోహ: కంప్రెసర్ సౌండ్ పెంచుతుంది

తగ్గిస్తుంది. 4:1 రేషియో అంటే త్రెషోల్డ్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే హద్దు) మీద 8 డీబీ దాటినది 2 డీబీ మాత్రమే దాటి బయటికొస్తుంది. పెంచేది మేకప్ గెయిన్, అంటే తగ్గినదాన్ని తిరిగి పెంచే నాబ్. మీటర్ నీడిల్ 10 డీబీ తగ్గుతోందని చూపిస్తే మీరు మేకప్ 10 డీబీ పెంచారనుకోండి, సింగర్ ఊపిరి పీల్చుకునే గ్యాప్‌లో గది శబ్దం కూడా 10 డీబీ పైకొస్తుంది. "కంప్రెసర్ నాయిస్ చేస్తోంది" అనే ఫిర్యాదుల్లో సగం ఇదే.

అపోహ: రికార్డ్ చేసేటప్పుడు కంప్రెస్ చెయ్యనే కూడదు / చేసి తీరాలి

రెండు వైపులా గట్టిగా వాదించేవాళ్ళున్నారు. ఒక్కటి మాత్రం నిజం, కంప్రెస్ అయ్యి రికార్డ్ అయినదాన్ని వెనక్కి తిప్పలేం. అందుకని లోపలికి వెళ్ళేటప్పుడు నేను గట్టి పీకుల మీద 2, 3 డీబీ మాత్రమే తగ్గేలా పెడతాను, రేషియో 3:1 చుట్టూ, అంతకు మించి కావాలంటే మిక్స్‌లో చేసుకోవచ్చు. మరి ఆ కాస్త ఎందుకంటే సింగర్ కోసం! హెడ్‌ఫోన్‌లో తన గొంతు నిలకడగా వినిపిస్తే సింగర్ మైక్ నుంచి వెనక్కీ ముందుకీ జరగడు, మెల్లగా పాడే చోట ధైర్యంగా మెల్లగా పాడతాడు. పర్ఫార్మెన్స్ మారిపోతుంది, ఆ లాభం ఏ ప్లగిన్‌తోనూ తర్వాత రాదు.

ఏ రకం కంప్రెసర్ అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 1967లో బిల్ పుట్నమ్ తీసుకొచ్చిన 1176 ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) రకం, మహా వేగం. 1960ల నాటి టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏ ఆప్టికల్ రకం, లోపల ఒక చిన్న వెలుగు, దాన్ని చూసి మారే రెసిస్టర్, అందుకే అటాక్ (తగ్గించడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్ల దగ్గర, రిలీజ్ (తగ్గించడం వదిలే సమయం) సగం దాకా తొందరగా వచ్చి మిగతాది సెకన్ల కొద్దీ నెమ్మదిగా జారుతుంది. ముందు 1176తో పీకులు పట్టి తర్వాత ఎల్ఏ-2ఏతో మొత్తాన్ని సమం చేయడం పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఏ ఒక్కదాని మీదా భారం పడదు.

అపోహ: అటాక్ ఎంత ఫాస్ట్ అయితే అంత మంచిది

త, క, ప లాంటి హల్లుల దెబ్బ మాట మొదట్లోనే ఉంటుంది, అటాక్ మరీ ఫాస్ట్ అయితే దాన్నే మింగేస్తుంది, సాహిత్యం మసకబారుతుంది. మృదంగం, తబలా అయితే ఇంకా ఘోరం. 1176 నాబ్ విషయంలో ఇంకో చిక్కుంది, కుడివైపు తిప్పితే ఫాస్ట్ (20 మైక్రోసెకన్లు), ఎడమవైపు స్లో, అది కూడా 800 మైక్రోసెకన్లే, అంటే దాని స్లో కూడా ఒక మిల్లీసెకన్ లోపే. ఎక్కువ రేంజ్ ఉన్న కంప్రెసర్ అయితే 10 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య మొదలుపెట్టి, రిలీజ్‌ని తర్వాతి పదం వచ్చేలోపు నీడిల్ సున్నాకి చేరేలా చూసుకోండి. ఆపైన చెవే.

అపోహ: ట్యూబ్ (పాతకాలం వాక్యూమ్ ట్యూబ్) ఉంటే సౌండ్ వెచ్చగా ఉంటుంది

ముందు ప్యానెల్‌లో ట్యూబ్ వెలుగుతోందా అన్నది ముఖ్యం కాదు, సర్క్యూట్ ముఖ్యం. చాలా చవక యూనిట్లలో ట్యూబ్‌ని తక్కువ వోల్టేజ్‌తో నడిపి కాస్త డిస్టార్షన్ కలుపుతారు, అసలు గెయిన్ చేసేది చిప్పే.

అపోహ: కేబుల్ దూరితే చాలు, ఎక్కడ పెట్టినా ఒకటే

కంప్రెసర్ ఔట్‌పుట్ ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైక్ ప్లగ్) కదా అని ఇంటర్‌ఫేస్ కాంబో జాక్‌లో (రెండు రకాల ప్లగ్‌లూ పట్టేది) ఎక్స్ఎల్ఆర్ పెట్టేస్తారు. అది మైక్ ఇన్‌పుట్, అంటే మళ్ళీ ఇంకో ప్రీఆంప్‌లోంచి వెళ్తోంది, అంత ఖర్చుపెట్టిన బాక్స్ మీద చవక ప్రీఆంప్ కూర్చుంది. ఎక్స్ఎల్ఆర్ టు టీఆర్ఎస్ (హెడ్‌ఫోన్ జాక్ లాంటి ప్లగ్) కేబుల్ తీసుకుని లైన్ ఇన్‌పుట్‌లో పెట్టండి. ఆ ఎక్స్ఎల్ఆర్ మైక్ ఇన్‌పుట్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్ మైక్‌కి కేబుల్‌లోంచి పంపే కరెంట్) ఆన్‌లో ఉంటే అది కంప్రెసర్ ఔట్‌పుట్‌లోకి ఎదురెళ్తుంది, కొన్ని యూనిట్లకి దెబ్బే. ఫాంటమ్ ఆన్ చేయగానే రిబ్బన్ మైక్ కాలిపోతుందన్నది మాత్రం అతి. కేబుల్ సరిగ్గా ఉంటే రెండు పిన్నుల మీదా సమానమైన వోల్టేజే ఉంటుంది కాబట్టి రిబ్బన్‌లోంచి కరెంట్ పారదు. ప్రమాదం షార్ట్ అయిన కేబుల్‌తోనూ, ఫాంటమ్ ఆన్‌లో ఉండగా టీఆర్ఎస్ ప్యాచ్‌బేలో (కేబుల్స్ మార్చుకునే ప్యానెల్) ప్లగ్ మార్చినప్పుడూ వస్తుంది.

అపోహ: ఒకసారి సెట్టింగ్ కుదిరితే ఎప్పటికీ అదే

ర్యాక్ బాక్సులకి సేవ్ బటన్ ఉండదు కాబట్టి సెషన్ అయ్యాక నాబ్‌లని ఫోటో తీసుకోవడం మంచి అలవాటే. కానీ ఫోటోతో పాటు మైక్‌కీ నోటికీ మధ్య దూరం కూడా రాసుకోండి. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డీబీ పడిపోతుంది, అప్పుడు నాబ్‌లన్నీ అక్కడే ఉన్నా నిన్న 3 డీబీ తగ్గించిన కంప్రెసర్ ఈరోజు అసలు కదలకపోవచ్చు.