ఎముక అతికింది, మరి ఆ 72 సెకన్లు?

2019 జూన్ 12. ఫ్రాన్స్‌లో రోఆన్ అనే ఊరు. క్రిటేరియం దు దోఫినే సైకిల్ రేసులో ఆ రోజు టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే విడివిడిగా గడియారంతో పోటీపడే రోజు. పోటీ మొదలవడానికి ఇంకా సమయం ఉంది. బ్రిటన్ సైక్లిస్ట్ క్రిస్ ఫ్రూమ్ ఒకసారి దారి చూసుకుందామని అదే రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాడు. పల్లంలో వేగంగా దిగుతూ ముక్కు చీదుకోవడానికి హ్యాండిల్ మీద నుంచి ఒక చెయ్యి తీశాడు. సరిగ్గా అప్పుడే ఒక్క విసురున గాలి కొట్టింది. సైకిల్ అదుపు తప్పి, రోడ్డు పక్కనున్న ఇంటి గోడకు వెళ్లి గుద్దుకున్నాడు.

గోడను తాకినప్పుడు వేగం గంటకు 54 కిలోమీటర్లని అతని టీమ్ చెప్పింది. అంటే సెకనుకు 15 మీటర్లు. ఎవరైనా పదకొండున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడితే నేలను తాకేటప్పుడు ఉండే వేగం అది. కుడి తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు, మెడ దగ్గర ఒక వెన్నుపూస విరిగాయి. మన ఒంట్లో అన్నిటికన్నా పొడవైనది, గట్టిది తొడ ఎముకే. అది విరిగిందంటే దెబ్బ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

అప్పటికి ఫ్రూమ్ వయసు 34. సైకిల్ రేసుల్లో అన్నిటికన్నా పెద్దదైన టూర్ డి ఫ్రాన్స్‌ను 2013, 2015, 2016, 2017లో గెలిచాడు. ఐదోసారి గెలిస్తే, దాన్ని ఐదేసి సార్లు గెలిచిన ఆంకెటిల్, మెర్క్స్, ఇనో, ఇందురాయిన్‌ల సరసన నిలుస్తాడు. ఆ ఐదోది చేజిక్కించుకోవాలనే తిరిగి సైకిలెక్కాడు. ఆరు సంవత్సరాలు వదలకుండా ప్రయత్నించాడు. ఆ యాక్సిడెంట్ తర్వాత అతనికి ఒక్క గెలుపూ దక్కలేదు.

అతనికి పట్టుదల తగ్గిందని కొందరన్నారు. నాకు ఆ మాట ఎప్పుడూ నచ్చలేదు. ఒంట్లో ఏం జరుగుతుందో చూస్తే ఆ మాటలో న్యాయం లేదని తెలుస్తుంది.

ఎముక సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే అది నిజంగా అద్భుతం. విరిగిన చోట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తటి మృదులాస్థి పుట్టి, విరిగిన రెండు కొసలనూ బంకలా పట్టుకుంటుంది. తర్వాత అందులోకి కాల్షియం చేరి గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో అది ఎముక చుట్టూ ఒక బొడిపెలా కనిపిస్తుంది. ఇక అసలు పనివాళ్లు దిగుతారు: ఎముకను తినే కణాలు కొన్ని, కట్టే కణాలు కొన్ని. ఒకరు చెక్కుతుంటే ఇంకొకరు పూస్తూ, ఏ వైపు ఎక్కువ బరువు పడుతుందో ఆ వైపు బలం పెంచుకుంటూ, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పని చేస్తారు. చివరికి మచ్చ లేకుండా మళ్లీ ఎముకే మిగులుతుంది. చర్మానికి, కండరానికి లేని భాగ్యం ఇది.

చిక్కంతా ఆ కండరంతోనే. బాగా దెబ్బతిన్న కండరంలో కొంత మేర మచ్చ కణజాలం నిండుతుంది. దానికి సాగే గుణం తక్కువ, సంకోచించే శక్తి అసలే లేదు. పైగా కీలు దగ్గర దెబ్బ తగిలినప్పుడు నాడీవ్యవస్థ దాని చుట్టూ ఉన్న కండరాలకు పంపే సంకేతాలను తగ్గిస్తుంది. దెబ్బతిన్న చోటును కాపాడుకోవడానికి ఒళ్లు చేసే ఏర్పాటు అది. నొప్పి పోయాక కూడా ఆ జాగ్రత్త చాలాకాలం పోదు. మనిషి తెలియకుండానే రెండో కాలి మీద భారం వేస్తాడు. సైకిల్ పెడల్ నిమిషానికి 90 సార్లు తిరుగుతుందనుకుంటే, ఐదు గంటల రేసులో ఒక్కో కాలు 27,000 సార్లు తొక్కాలి. ఒక్కో తొక్కుడులో చిన్న తేడా ఉన్నా చాలు, సాయంత్రానికి నడుము దాకా పట్టేస్తుంది. ఫ్రూమ్ విషయంలోనూ అదే జరిగింది. యాక్సిడెంట్ జరిగి ఏడాది దాటాక కూడా కుడి కాలు ఎడమ కాలంత బలంగా లేదని, దాన్ని సరిచేయడానికి కాలిఫోర్నియాలో వారాల తరబడి వ్యాయామాలు చేశానని అతనే చెప్పాడు.

మంచం చేసే నష్టం ఇంకొకటి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. లేచేసరికి ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ఆ మూడు వారాలు చేసిన నష్టం ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఎక్కువని తేలింది!

నిజమే, ఆ సామర్థ్యం వ్యాయామంతో తిరిగొస్తుంది. నడకకు, ఉద్యోగానికి, సరదాగా కొండెక్కడానికి సరిపడా వస్తుంది. ఛాంపియన్‌కు కావలసింది వేరు. 2015 ఆగస్టులో ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు ఫ్రూమ్ దాదాపు 70 కిలోల బరువుతో 419 వాట్ల శక్తిని నిలకడగా ఇవ్వగలనని చూపించాడు. కిలోకు ఆరు వాట్లన్నమాట. ఇందులో ఐదు శాతం పోయిందనుకోండి. 398 వాట్లు మిగులుతాయి, అయినా లోకంలో ఏ కొద్దిమందికో సాధ్యమయ్యే లెక్కే. కానీ నిటారు కొండ ఎక్కేటప్పుడు వేగం ఇంచుమించు శక్తితో పాటే తగ్గుతుంది. నలభై నిమిషాల ఎక్కుడులో దాదాపు రెండు నిమిషాలు వెనకబడతాడు. 2015లో మూడు వారాల టూర్ మొత్తం మీద ఫ్రూమ్ రెండో స్థానంలో నిలిచిన క్వింటానాను దాటింది ఎంతతోనో తెలుసా? 72 సెకన్లు. నూటికి తొంభై ఐదు పాళ్లు కోలుకున్న మనిషి, ఆ తేడా మొత్తాన్ని ఒక్క కొండ మీదే పోగొట్టుకుంటాడు.

ఇక వయసు. ఫ్రూమ్ ఆసుపత్రి పాలై ఆడలేకపోయిన ఆ 2019 టూర్‌ను గెలిచింది అతని టీమ్‌లోనే ఉన్న 22 ఏళ్ల కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నాల్. 2022 జనవరిలో అతను కూడా కొలంబియాలో ప్రాక్టీస్ చేస్తూ ఆగి ఉన్న బస్సును గుద్దుకున్నాడు. వెన్నుపూసలు, తొడ ఎముక, మోకాలి చిప్ప, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అప్పుడతనికి 25. ఏడు నెలలకే రేసులో కనిపించినా మళ్లీ గెలవడానికి మూడేళ్లు పట్టింది. 2025 ఫిబ్రవరిలో కొలంబియా జాతీయ టైటిళ్లు, సెప్టెంబరులో స్పెయిన్‌లో జరిగే వుయెల్టా రేసులో ఒక స్టేజి, అంటే ఒక రోజు పోటీ. కోలుకోవడానికి అంత వ్యవధి 25 ఏళ్లవాడికి ఉంటుంది. 34 ఏళ్లవాడు అంతే కాలం తీసుకుంటే 37 వచ్చేస్తాయి. మామూలుగానే ఒంటి శక్తి దిగజారే వయసు అది. ఈలోగా పోటీదారులు ఆగరు కదా, పొగాచార్, వింగెగో లాంటి కొత్త ఛాంపియన్లు కొండల మీద వేగాన్నే మార్చేశారు.

2022 జూలై 14న మాత్రం ఫ్రూమ్ పాత ఫ్రూమ్‌లా కనిపించాడు. ఆ ఏటి టూర్‌లో ఆల్ప్ దుయెజ్ అనే కొండ, 21 మలుపులు, 13.8 కిలోమీటర్ల ఎక్కుడు. ముందే విడిపోయి వెళ్లిన చిన్న గుంపులో ఉండి, తల వంచుకుని, మోచేతులు బయటికి పెట్టే తనదైన ఆ వంకర భంగిమలో చివరిదాకా తొక్కి మూడో స్థానంలో చేరాడు. పిడ్‌కాక్, మైంట్యెస్ అతని కన్నా ముందు. రేసు గెలవకపోయినా ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి. కొన్ని రోజులకు కోవిడ్ సోకి టూర్ నుంచి తప్పుకున్నాడు.

2025 ఆగస్టులో ప్రాక్టీస్ చేస్తూ దక్షిణ ఫ్రాన్స్‌లో మళ్లీ పడ్డాడు. హెలికాప్టర్‌లో తూలోన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఐదు పక్కటెముకలు, నడుము దగ్గర ఒక వెన్నుపూస విరిగాయి. అప్పటికి అతనికి నలభై ఏళ్లు.