రాయి మీద రాజ్యాంగం: ఖూంటీ కథలో అసలు మలుపు 2016

ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం అమలు నియమాల మీద జార్ఖండ్‌లో గొడవ మళ్లీ రాజుకుంది, దాంతో పాటే ఊరి మొదట్లో రాళ్లు పాతి రాజ్యాంగం మాటలు చెక్కే పత్థల్‌గడి ఉద్యమం పేరూ బయటికొచ్చింది. దేశద్రోహం అనేవాళ్లు ఒకవైపు, విప్లవం అనేవాళ్లు ఇంకోవైపు. బిర్సా ముండా దగ్గర్నుంచి కొత్త రాష్ట్రం దాకా నడిచిన కథ అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. ఈమధ్య రాస్తున్నవాళ్లలో ఎక్కువమంది 2018 జూన్‌లో ఖూంటీ జిల్లాలో ఊళ్లవాళ్లకూ పోలీసులకూ జరిగిన ఘర్షణతో మొదలుపెడుతున్నారు. అక్కడ మొదలుపెడితే ఊళ్లవాళ్లు ముద్దాయిల్లాగే కనిపిస్తారు. రెండేళ్లు వెనక్కి వెళ్లి చూడాలి.

2016లో అప్పటి ముఖ్యమంత్రి రఘువర్ దాస్ ప్రభుత్వం ల్యాండ్ బ్యాంకు పెట్టింది. సుమారు 21 లక్షల ఎకరాలు పరిశ్రమలకు సిద్ధంగా ఉన్నాయని జాబితా వేశారు. రికార్డుల్లో అది ప్రభుత్వ భూమే కావచ్చు, కానీ అందులో పశువులు మేసే బీళ్లు, ఊరి ఉమ్మడి అడవి, పూజలు జరిగే తోపులు కూడా ఉన్నాయని ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు. అదే ఏడాది ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలకు సవరణలు తెచ్చారు. ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా కాపాడేవి ఈ రెండు చట్టాలే, మొదటిదైతే 1908 నాటిది. సాగుభూమిని వేరే పనులకు వాడుకోవడానికి ఈ సవరణలతో దారి తెరుచుకునేది. అక్టోబరులో నిరసనకు బయల్దేరిన జనం మీద ఖూంటీ జిల్లాలో పోలీసులు కాల్పులు జరిపితే ఒకరు చనిపోయారు. నవంబరు 23న అసెంబ్లీలో అరుపులూ కేకల మధ్య బిల్లు నిమిషాల్లో పాసైపోయింది. సరిగ్గా మూడు రోజులకు రాజ్యాంగ దినోత్సవం! ప్రవేశిక చదివే కార్యక్రమం కేంద్రం అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టింది, రాజ్యాంగం ప్రతి పౌరుడికీ తెలియాలని చెప్పి మరీ.

ఖూంటీ ఊళ్లు ఆ మాటను పట్టుకున్నాయి.

ఇక్కడి ముండా ఆదివాసీలకు రాయి పాతడం కొత్తేమీ కాదు. పెద్దలు పోతే సమాధుల చోటైన ససన్‌దిరిలో రాయి పెడతారు, ఊరి హద్దుకూ రాయే. 1996లో పెసా వచ్చాక, గ్రామసభ అధికారాలు జనానికి తెలియాలని మాజీ ఐఏఎస్ అధికారి బి.డి. శర్మ, బంది ఉరావ్ లాంటివాళ్లు చట్టంలోని మాటలను రాళ్ల మీద చెక్కించడం ప్రోత్సహించారు. అప్పుడు ఎవరూ కేసులు పెట్టలేదు. 2017లో మళ్లీ రాళ్లు లేచాయి. ఊరి మొదట్లో పదిహేను అడుగుల దాకా ఎత్తున్న పలక, దానికి ఆకుపచ్చ రంగు, మీద తెల్ల అక్షరాలతో భారత రాజ్యాంగం అన్న శీర్షిక, దాని కింద 13(3), 19(5), 244 అధికరణల నంబర్లు, గ్రామసభ అనుమతి లేకుండా బయటివాళ్లు లోపలికి రాకూడదన్న హెచ్చరిక.

ఆ రాతలో తప్పులున్నాయి, దాచాల్సిన పనిలేదు. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనం కోసం రాకపోకల మీద సహేతుకమైన ఆంక్షలు పెడుతూ చట్టం చేసే వీలు 19(5) రాజ్యానికి ఇచ్చింది, ఊరు గేటు వేసుకోవచ్చని అందులో లేదు. గుజరాత్‌లోని సతిపతి అనే ఆదివాసీ వర్గం నుంచి వచ్చిన ప్రచారం కూడా ఇందులో కలిసింది, ఓటరు కార్డులు వద్దనేదాకా పోయింది వ్యవహారం. కానీ రాజ్యాంగాన్ని తప్పుగా చదివినవాడికి సరిగ్గా చదివి చెప్పాలి కదా, స్టేషన్‌కు ఎందుకు ఈడ్చుకెళ్లాలి? ఆచారానికి కూడా చట్టబలం ఉండొచ్చని 13(3) చెప్పడం నిజం. ఆదివాసీ ప్రాంతాల పాలనకు రాజ్యాంగంలో అయిదో షెడ్యూల్ ఉండడం నిజం. చిన్నతరహా ఖనిజాలు తవ్వాలంటే ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ఉండాలని పెసా అనడమూ నిజం. ఒక్క అధికారి అయినా గ్రామసభలో కూర్చుని, ఇది సరే, ఇది కాదు అని ఓపిగ్గా చెప్పి ఉంటే ఎలా ఉండేదో.

ప్రభుత్వం వాదన ఏమిటంటే, దీని వెనక నల్లమందు పండించేవాళ్లు, మావోయిస్టులు ఉన్నారని. 2017 ఆగస్టులో పోలీసులను ఊళ్లో రాత్రంతా నిర్బంధించడం, 2018లో కోచాంగ్‌లో వీధినాటకం బృందంలోని మహిళల మీద జరిగిన సామూహిక అత్యాచారం ఆ వాదనకు బలమిచ్చాయి. ఆ నేరాలు చేసినవాళ్ల మీద కేసు పెట్టడాన్ని ఎవరూ కాదనరు. పేర్లు లేకుండా వేలమంది మీద రాజద్రోహం మోపడం మాత్రం వేరే సంగతి. ఫేస్‌బుక్ పోస్టుల కారణంగా ఆదివాసీ హక్కుల కోసం పనిచేసిన పాదిరి స్టాన్ స్వామితో సహా 20 మందిని కూడా అందులోకి లాగారు. ఈలోగా గవర్నరుగా ఉన్న ద్రౌపది ముర్ము 2017లోనే ఆ భూసవరణ బిల్లును తిప్పి పంపేశారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అంటే ఊళ్లవాళ్ల భయం ఉత్తదేమీ కాదన్నమాట. 2019 డిసెంబరు 29న కొత్త ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ కేబినెట్ మొదటి భేటీలోనే పత్థల్‌గడి కేసులు ఎత్తేయాలని నిర్ణయించింది. మూడు వారాలకే బురుగులీకేరాలో ఉద్యమాన్ని వ్యతిరేకించిన ఏడుగురిని చంపేశారు, ఆ మచ్చ పోలేదు.

మన ఏజెన్సీలో ఇదంతా వింతగా అనిపించదు. బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద 1997లో వచ్చిన సమత తీర్పు నిలబడింది ఈ అయిదో షెడ్యూల్ మీద, ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం మీదే. 2020లో సుప్రీంకోర్టు, ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో నంబర్ 3ను కొట్టేసినప్పుడు మన్యం ఊళ్లలో చర్చ నడిచింది కూడా ఆ షెడ్యూల్ అయిదో పేరా మీదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో పెసా నియమాలు తెచ్చింది, అమలు సంగతి అడగొద్దు, కనీసం కాగితమైతే ఉంది. జార్ఖండ్‌లో 2025 సెప్టెంబరు నాటికి అదీ లేదు. రెండు నెలల్లో నోటిఫై చేయమని 2024 జులైలో హైకోర్టు చెప్పింది, గడువు దాటిపోయింది, ధిక్కార పిటిషన్ పడింది, 2025 సెప్టెంబరులో కోర్టు ఇసుక రేవుల్లాంటి చిన్న ఖనిజాల వేలం ఆపేసింది. వేలం ఆగాకే సచివాలయంలో ఫైలు కదిలింది.

ఖూంటీ జిల్లా టక్రా ఊరివాడే జైపాల్ సింగ్ ముండా. ఆదివాసీలకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అని 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో అన్నాడాయన. ఇప్పుడు గొడవంతా నియమాల్లో గ్రామసభ మాటకు ఎంత బరువు ఉంటుందన్న దగ్గరే ఉంది. భూమి తీసుకునే ముందు అభిప్రాయం అడిగి ఊరుకుంటారా, వద్దంటే నిజంగా ఆగుతారా? 2017లో ఊళ్లు రాళ్ల మీద రాసి అడిగిన ప్రశ్న కూడా ఇదే.