వీధిపిల్లిని చేరదీశారా? ముందు ఈ అపోహలు వదలండి

శ్రీకాకుళంలో నేను పశువైద్యం మొదలుపెట్టిన రోజుల్లో నా బల్ల మీదకు వచ్చేవి ఎక్కువగా దూడలు, మేకలు, కుక్కలు. ఇప్పుడు అరటిపళ్ళ బుట్టలో తువ్వాలు కప్పుకొని పిల్లులూ వస్తున్నాయి. నాగావళి గట్టున దొరికిందని ఒకరు, చేపల బజారు నుంచి వెంటపడి వచ్చేసిందని ఇంకొకరు. ఆ జాలి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ జాలితోనే, తెలియక చేసిన పని వల్ల చచ్చిపోయిన పిల్లుల్ని కూడా ఇదే బల్ల మీద చూశాను.

అపోహ: ఒళ్ళు కాలుతుంటే మన జ్వరం మాత్రే సగం వేస్తే చాలు.

కళింగపట్నం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. "రేత్రి ఒళ్ళు కాలిపోతంటే సగం మాత్రేసినాం డాక్టరమ్మా, పొద్దుటికి ఇలాగైపోనాది" అంది. పై పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు చాక్లెట్ రంగుకు తిరిగాయి. ముఖం, పాదాలు వాచాయి. 3 కిలోలు కూడా లేని పిల్లి, వేసింది 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌లో సగం. ఆ మందును విరిచి బయటకు పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో దాదాపు లేదు. నెత్తురు ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. మొదటి గంటల్లో తెస్తే విరుగుడు ఉంది. ఈ పిల్లి మాకు దక్కలేదు.

అసలు దానికి జ్వరమే ఉండకపోవచ్చు. పిల్లి మామూలు వేడే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి కూడా ఏమీ చెప్పలేం. థర్మామీటరు పెట్టి చూడాల్సిందే.

అపోహ: "ఎవులో మందెట్టీసినారు."

ఇది నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట. నిన్నటిదాకా గెంతిన పిల్లికూన ఇవాళ వాంతులు చేసుకుని, సాయంత్రానికి చల్లబడిపోతుంది. రెండు రోజుల్లో దాని తోడబుట్టినవీ పోతాయి. పక్కింటివాళ్ళ మీద అనుమానం, ఆపైన రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోవడం. విషం పెట్టేవాళ్ళు లేరని నేననను. కానీ టీకా పడని కూనలు ఇలా వరసగా పోతే ముందు అనుమానించాల్సింది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్‌ని. దీనికి ఒక గుర్తు ఉంది: నీళ్ళ గిన్నె మీదకు తల వేలాడేసి కూర్చుంటుంది, దాహంగా ఉంటుంది, కానీ తాగలేకపోతుంది. ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

ఈ వైరస్ ఇంట్లో నేల మీద, చాపల్లో ఏడాది వరకూ బతకగలదు. పోయిన కూన గుర్తుగా మరో కూనను తెచ్చుకుంటారు, అదీ పోతుంది. "మా ఇంటికి పిల్లి అచ్చిరాదు" అంటారు. అచ్చిరానిది పిల్లి కాదమ్మా, శుభ్రం చేసిన మందు. ఫినాయిల్‌కి ఇది చావదు, పైగా ఫినాయిల్ పిల్లికి విషం. నేలను ముందు సబ్బునీళ్ళతో కడిగి, తర్వాత ఒక వంతు ద్రవ బ్లీచ్‌ని 32 వంతుల నీళ్ళలో కలిపి పోసి, 10 నిమిషాలు ఉంచి మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. కొత్త కూనకు టీకా పూర్తయ్యాకే ఆ ఇంట్లో కాలు పెట్టనివ్వండి. 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాల ఎడంతో 16 వారాలు నిండేదాకా వేస్తాం. రేబిస్ టీకా 3 నెలలకు.

ఇంట్లో ఇప్పటికే పిల్లి ఉంటే, కొత్తదాన్ని 2 వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. "ఒకే గది ఇల్లు డాక్టరమ్మా" అంటారు. స్నానాలగది అయినా సరే.

అపోహ: తెచ్చిన రోజే తలంటేస్తే పేలు, మురికి పోతాయి.

వద్దు. బెదిరిన, నీరసించిన పిల్లికి, అందులోనూ కూనకు, తడిస్తే ఒంట్లో వేడి పడిపోతుంది. నీళ్ళలో డెట్టాల్, ఒంటికి కిరసనాయిలు ఇంకా ఘోరం, ఎందుకంటే ఒంటి మీదున్నదంతా అది నాకుతుంది. కుక్కల పిడుదుల మందు కూడా వాడకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్‌కి పిల్లి వణికి వణికి చస్తుంది.

పేలదువ్వెనతో వెన్ను మీద దువ్వండి. రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్లగుడ్డ మీద దులపండి. ఎర్రగా మరక దిగితే అది మట్టి కాదు, ఈగపేను విసర్జించిన నెత్తురు. చిన్న కూనకు ఇవి ఎక్కువైతే నెత్తురు తగ్గి చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. తోక కింద బియ్యపుగింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగు, అదీ ఈ పేలను మింగడం వల్లే. చెవిలో కాఫీపొడిలాంటి గుల్ల ఉంటే చెవి పురుగులు. పుల్ల పెట్టి తవ్వకండి.

అపోహ: పాలు, పెరుగన్నం పెడితే చాలు.

పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ టారిన్ అనే పోషకం అందదు. అది మాంసంలో, చేపలోనే దొరుకుతుంది. లేకపోతే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు పోతుంది. మన తీరంలో కవళ్ళు చవక, పెట్టండి, కానీ పచ్చివి కాదు. కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని చంపే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. ముళ్ళు తీసేసి, ఉప్పూ కారం లేకుండా, ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి. టారిన్ ఆ నీళ్ళలోకే దిగుతుంది.

అపోహ: పిల్లి రక్కితే ఏమవుతుంది, కుక్క కరిస్తేనే ఇంజెక్షన్.

రేబిస్ పిల్లి నుంచీ వస్తుంది. నెత్తురు రాని గీత అయినా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు రాయొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. 0 (మొదటి సూది రోజు), 3, 7, 28 రోజుల్లో టీకా. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం దగ్గర వేసే ఇంకో మందు కూడా అడగండి.

అపోహ: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయాలి.

పురుటికి పుట్టింటికొచ్చిన కూతురి కోసం, నాలుగేళ్ళు పెంచిన పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేసిన ఇల్లు నాకు తెలుసు. అందరూ భయపడేది టాక్సోప్లాస్మాకి, అంటే కడుపులో బిడ్డకు హాని చేసే పరాన్నజీవికి. అది పిల్లి వెంట్రుకల్లో ఉండదు, మలంలో వస్తుంది. అదీ సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు 1 నుంచి 3 వారాలే. ఆ మలం అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఏ రోజు మలం ఆ రోజే, గర్భిణి కాకుండా వేరేవాళ్ళు తీసేస్తే చాలు. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూరల మీద అంతకన్నా జాగ్రత్త పడాలి.

అపోహ: తల్లి వదిలేసింది, కూనల్ని తెచ్చేద్దాం.

ఏడిళ్ళు తిప్పే తల్లి అది. ఒక్కోదాన్నీ నోట కరుచుకుని వెళ్తూ మిగతావాటిని కాసేపు వదిలేస్తుంది. కొన్ని గంటలు దూరంగా ఉండి చూడండి. నిజంగా రాకపోతే ముందు గుడ్డలో చుట్టి వెచ్చబెట్టండి, తర్వాతే తిండి. చల్లబడిన కూన పొట్టలో పాలు అరగవు. పట్టేటప్పుడు బోర్లా ఉంచండి, వెల్లకిలా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఒక కాన్పు అయ్యాకే ఆడపిల్లికి పిల్లలు కాకుండా ఆపరేషన్ అన్నదీ అపోహే. 4 నెలలకే ఎదకు రావచ్చు, కాబట్టి 5 నెలలలోపే చేయించండి.

మగపిల్లి మట్టిలో పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. గురగుర శబ్దం చేస్తోంది కదా, బాగానే ఉందనుకోకండి. నొప్పిలోనూ చేస్తుంది.

తెచ్చేటప్పుడు సంచిలో కాకుండా మూతున్న బుట్టలో తీసుకురండి. మలం కొంచెం డబ్బీలో పట్టుకురండి. ఇంట్లో ఏ మందు వేశారో, ఎంత వేశారో దాచకుండా చెప్పండి. నేను తిట్టను.