విమానాశ్రయం, చుట్టుపక్కల ఊళ్లు: అపోహలు – వాస్తవాలు

శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైనప్పుడు కొత్తూరు, షాద్‌నగర్ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నాయి. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో అవి రంగారెడ్డి జిల్లాలో కలిశాయి గానీ, సుమారు 5,500 ఎకరాల్లో ఉన్న ఆ విమానాశ్రయం పాలమూరు వాకిట్లోనే ఉందన్న సంగతి మారలేదు. ఇల్లు ఎంత ఎత్తు కట్టాలి, చేను మీద డ్రోన్‌తో మందు కొట్టవచ్చా, వాన నీళ్లు ఎటు పోతాయి, పిల్లలకు అందులో కొలువు దొరుకుతుందా వంటి ప్రశ్నలు ఇక్కడి ఊళ్లలో రోజూ వినబడతాయి. పెద్ద నిర్మాణ ప్రాజెక్టులకూ చుట్టుపక్కల గ్రామాలకూ మధ్య సంప్రదింపులు నడపడమే వృత్తిగా ఉన్న నాకు ఈ ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు స్థిరపడిపోయి కనిపిస్తున్నాయి. ఒక్కో అభ్యంతరానికి ఒక్కో వేదిక ఉంటుంది, దానికి ఒక గడువు ఉంటుంది, అక్కడ ఒక రికార్డు తయారవుతుంది. ఈ మూడూ తెలియకపోతే న్యాయమైన మాట కూడా ఫైలుకు ఎక్కకుండానే పోతుంది. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

అపోహ: విమానాశ్రయం ఒకే సంస్థ కాబట్టి ఏ సమస్యనైనా దాని గేటు దగ్గర చెబితే చాలు.

వాస్తవం: హైదరాబాద్ విమానాశ్రయాన్ని జీఎంఆర్ ఆధ్వర్యంలోని సంయుక్త సంస్థ నడుపుతోంది, అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకు 13 శాతం వాటా ఉంది. అయితే విమానాలకు దారి చూపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉంటుంది, భద్రత సీఐఎస్ఎఫ్ చూస్తుంది, కస్టమ్స్, ఇమిగ్రేషన్ కేంద్ర ప్రభుత్వ విభాగాలు, భద్రతా ప్రమాణాల పర్యవేక్షణ కేంద్ర పౌర విమానయాన నియంత్రణ విభాగమైన డీజీసీఏది, ఛార్జీలను నిర్ణయించేది ఏరా అనే నియంత్రణ సంస్థ. ప్రహరీ బయటి రోడ్డు, మురుగుకాలువ, చెత్త మున్సిపాలిటీకో పంచాయతీకో రహదారుల సంస్థకో చెందుతాయి. కాబట్టి ప్రహరీ పక్క చేలలోకి వరదనీరు వస్తోందన్న ఫిర్యాదునూ, రాత్రి విమానాల చప్పుడు గురించిన ఫిర్యాదునూ ఒకే కాగితం మీద రాసి ఇస్తే, ఏ శాఖకు ఆ శాఖ మిగతా సగం తనది కాదని పక్కన పెడుతుంది. రెండు సమస్యలకు రెండు దరఖాస్తులు రాయాలి. ప్రతిదాని మీదా తేదీతో కూడిన రసీదు తీసుకోవాలి.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ ఒక తతంగం. అంతా ముందే అయిపోయి ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకొక అపోహ కూడా ఉంది: సభలో ఎక్కువమంది వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుందని.

వాస్తవం: రెండూ సరికావు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కొత్త విమానాశ్రయానికి పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ ప్రక్రియలో భాగంగానే కాలుష్య నియంత్రణ మండలి ఈ సభను ఏర్పాటు చేస్తుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని తెలుగులో కూడా కలెక్టరేట్, జిల్లా పరిషత్ వంటి కార్యాలయాల్లో అందుబాటులో ఉంచాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, సభ మొత్తాన్ని వీడియో తీయాలి. ఇంతమంది వస్తేనే సభ జరగాలన్న కోరం నియమం లేదు. అంటే ఊరంతా బహిష్కరించినా సభ చట్టప్రకారం జరిగినట్టే లెక్క, కానీ ఊరి అభ్యంతరం మాత్రం అందులో ఉండదు. ఆ సభలో ఓటింగు ఉండదు. అక్కడ లేవనెత్తిన ప్రతి ముఖ్యమైన అంశానికీ ప్రాజెక్టు సంస్థ రాతపూర్వకంగా జవాబిచ్చి, అవసరమైతే నివేదికను సవరించి, నిపుణుల మదింపు కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీ చదివేది కాగితాన్నే కాబట్టి, కాగితం మీద ఏముందన్నదే అన్నిటికంటే ముఖ్యం.

ఇక్కడ ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను హాజరైన ఒక సభలో తండా నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మైకు తీసుకుని, ప్రహరీ కడితే తమ తండా నుంచి చెరువు కిందికి పోయే బండ్లబాట మూసుకుపోతుందని, చుట్టూ తిరిగి రావాలంటే బర్రెలను తోలుకుపోయే వీలుండదని, ఆ బాట ఏ గట్టు దగ్గర మొదలై ఏ తూము దగ్గర ముగుస్తుందో కూడా స్పష్టంగా చెప్పింది. సభలో మాట్లాడింది నమోదు చేసే కార్యవాహిలో మాత్రం ‘రవాణా సౌకర్యం గురించి అడిగారు’ అని ఒక్క వాక్యం పడింది. ఆ వాక్యానికి ‘తగిన రోడ్లు కల్పిస్తాము’ అని జవాబు రాస్తే అడిగినదానికి జవాబిచ్చినట్టే అవుతుంది, బండ్లబాట సంగతి ఎక్కడా ఉండదు. అయితే ఆ కార్యవాహిని సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించి, అందరూ ఒప్పుకున్నాకే అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలని నోటిఫికేషన్ స్పష్టంగా చెబుతోంది. దిద్దించుకునే అవకాశం అక్కడే ఉంది, కానీ ఆ సమయానికి షామియానా కింద పట్టుమని పదిమంది కూడా మిగలరు. మాట్లాడి వెళ్లిపోవడం కంటే చివరిదాకా కూర్చుని చదివింది వినడం, తప్పుంటే అక్కడికక్కడే చేయెత్తి చెప్పడం ఎక్కువ ఫలితమిస్తాయి. సర్వే నంబర్లతో, చేతిగీత పటంతో రాతపూర్వక అభ్యంతరం ఇస్తే ఇంకా మంచిది. సభకు రాలేనివారు కూడా అలా ఇవ్వవచ్చు.

అనుమతి వచ్చాక కూడా దారి మూసుకుపోదు. అనుమతి పత్రం ప్రతిని స్థానిక సంస్థలకు ఇవ్వాలి, అవి దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. అందులోని షరతులు ఎలా అమలవుతున్నాయో సంస్థ ఆరునెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అనుమతిపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించే వీలుంది. మన రాష్ట్రం దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది.

అపోహ: నష్టపోయేది పట్టాదారు ఒక్కడే, కాబట్టి మాట్లాడవలసిందీ అతనితోనే.

వాస్తవం: 2013 భూసేకరణ చట్టం ‘ప్రభావిత కుటుంబం’ అన్నప్పుడు కౌలుదారులను, పాలుకు చేసేవారిని, వ్యవసాయ కూలీలను, చేతివృత్తులవారిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, సేకరణకు ముందు మూడేళ్లుగా అదే వారి ప్రధాన జీవనాధారమై ఉండాలి. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఉన్న కుటుంబాలూ, అంటే మన దగ్గర లావుణి పట్టాదారులూ, అందులోకి వస్తారు. సామాజిక ప్రభావ మదింపులో పశువులు నీళ్లు తాగే చోట్లు, ఊరి చెరువులు, మేత భూములు, గుళ్లు, శ్మశానాలు కూడా చూడాలని చట్టం పేర్లు పెట్టి మరీ చెబుతోంది. ఊరికి వెళ్లి పట్టాదారుల జాబితా ఒక్కటే చేతిలో పెట్టుకుని కూర్చునే సంప్రదింపుల అధికారి ఆ ఊళ్లో సగం మందిని చూడనట్టే.

కౌలుదారుకు వచ్చే పెద్ద చిక్కు రుజువు. మన పాసుపుస్తకాల్లో అనుభవదారు కాలమ్ లేకుండా పోయాక, ఎవరు సాగు చేశారో చూపే కాగితం దొరకడం కష్టమైంది. ఎరువుల దుకాణం రసీదులు, జడ్చర్ల మార్కెట్లో పంట అమ్మిన చిట్టీలు, ఊరి పెద్దల వాంగ్మూలాలు ఇలాంటి సమయంలో పనికొస్తాయి, వాటిని పారేయకూడదు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం: తెలంగాణ చేసుకున్న సవరణ వల్ల కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ మదింపు నుంచి ప్రభుత్వం మినహాయించవచ్చు. నోటిఫికేషన్ రాగానే అందులో ఏ సెక్షన్లు ఉదహరించారో తెలిసినవారితో చదివించుకోవాలి. కలెక్టర్ ఖరారు చేసిన పరిహారం ఉత్తర్వు, అంటే అవార్డు మీద అభ్యంతరముంటే, ప్రకటించే రోజు హాజరైనవారు ఆరు వారాల్లోగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, విషయాన్ని సంబంధిత అథారిటీకి పంపమని కోరాలి.

అపోహ: బడి కట్టించారు, వైద్య శిబిరం పెట్టారు కాబట్టి సంస్థ ఊరి బాకీ తీర్చేసింది.

వాస్తవం: సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత అనేది 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కింద, అర్హత ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు చేయవలసిన సొమ్ము. ఇతర చట్టాల ప్రకారం చేసి తీరవలసిన పనులను సీఎస్ఆర్‌గా చూపకూడదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. పునరావాసం గానీ, పర్యావరణ షరతుల అమలు గానీ సీఎస్ఆర్ కిందికి రావు. శంషాబాద్‌లో యువతకు వృత్తి శిక్షణ ఇస్తున్నారు, అది మెచ్చుకోవలసిన పని. ఆ శిక్షణ వల్ల జీవితాలు మారిన కుటుంబాలు ఉన్నాయి. అయినా శిక్షణ కేంద్రం చూపించి కాలువ ప్రశ్నను దాటవేయడం సరికాదు. ఈ మాట నా వృత్తిలోని తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ప్రత్యేకంగా చెబుతున్నాను.

అపోహ: ప్రహరీ బయట నా ప్లాటు నా ఇష్టం.

వాస్తవం: కేంద్ర పౌర విమానయాన శాఖ 2015లో తెచ్చిన ఎత్తు పరిమితుల నిబంధనలు విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల దాకా వర్తిస్తాయి. రంగుల జోనింగ్ మ్యాపులో ఎర్ర గడిలో ఉన్న స్థలానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తప్పనిసరి; మిగతా గడుల్లో మ్యాపు చూపిన ఎత్తు దాటనంతవరకు స్థానిక సంస్థే అనుమతి ఇవ్వగలదు. ప్లాటు కొన్నవారు ఎక్కువగా పొరపడేది అంకె దగ్గర. మ్యాపులోని ఎత్తు నేల నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి లెక్కించినది. శంషాబాద్ విమానాశ్రయమే సముద్ర మట్టానికి దాదాపు 617 మీటర్ల ఎత్తులో ఉంది. ఉదాహరణకు ఒక గడిలో 660 మీటర్లు అని ఉండి, మీ స్థలం 630 మీటర్ల మట్టంలో ఉంటే, మీరు కట్టగలిగేది 30 మీటర్లే. నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, యాంటెన్నా కూడా అందులోనే లెక్క. వెంచర్ వేసేవారు ఈ సంగతి చెప్పరు. విమానాశ్రయ సంస్థలు, స్థానిక సంస్థలు కలిసి మండల కేంద్రాల్లో ఈ మ్యాపును తెలుగు వివరణతో గోడ మీద పెట్టిస్తే ఎన్నో కుటుంబాల సొమ్ము మిగులుతుంది.

డ్రోన్ల విషయం క్లుప్తంగా చెబుతాను: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 5 కిలోమీటర్ల లోపు ఎర్ర జోన్, అక్కడ కేంద్రం అనుమతి లేకుండా పత్తి చేనుకు మందు కొట్టే డ్రోన్ కూడా ఎగరకూడదు. పది కిలోమీటర్ల పరిధిలో బహిరంగంగా జంతువులను కోయడం, వ్యర్థాలు పారేయడం కూడా నిషిద్ధం, ఎందుకంటే వాటి కోసం వచ్చే గద్దలు విమానాల ఇంజన్లకు ప్రమాదం. అయితే మాంసం దుకాణదారుణ్ణి జరిమానాతో బెదిరించి ఊరుకుంటే వ్యర్థాలు రాత్రిపూట చెరువు కట్ట మీదికి చేరతాయి. వాటిని సేకరించే బండి రోజూ ఠంచనుగా వచ్చిన చోట సమస్య తగ్గుతుంది.

అపోహ: విమానాల చప్పుడుకు మందు లేదు.

వాస్తవం: 2018లో కేంద్ర పర్యావరణ శాఖ విమానాశ్రయ శబ్ద ప్రమాణాలను ప్రకటించింది. ఏటా 50 వేలకు పైగా విమానాల రాకపోకలున్న విమానాశ్రయాల శబ్ద మండలంలో పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్ పరిమితి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001 నుంచి సూచిస్తున్న విధానంలో నాలుగు మార్గాలున్నాయి: తక్కువ చప్పుడు చేసే విమానాలు, చుట్టూ భూ వినియోగ ప్రణాళిక, ఎక్కే దిగే పద్ధతుల్లో మార్పు, చివరగా రాకపోకలపై ఆంక్షలు. వీటిలో రెండోది రాష్ట్రం చేతిలో ఉంది. రన్‌వేకు ఎదురుగా కొత్త లేఅవుట్లకు అనుమతులిచ్చి తరువాత విమానాలను తిట్టడం వల్ల లాభం లేదు. ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, సమయం, విమానం ఏ దిక్కు నుంచి వచ్చిందో రాస్తే అది ఏ విమానమో తేల్చవచ్చు. ‘రోజూ చప్పుడే’ అని రాస్తే తేల్చలేరు.

అపోహ: సంప్రదింపులంటే కాలయాపన.

వాస్తవం: ఈ మాట ఎక్కువగా ఇంజనీర్ల నోట వింటాను. టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయం స్థలాన్ని 1966లో రైతులతో మాట్లాడకుండానే నిర్ణయించారు. ఏళ్ల తరబడి ఘర్షణలు జరిగి, ప్రాణాలు పోయి, విమానాశ్రయం 1978లో మాత్రమే మొదలైంది. రెండో రన్‌వే 2002లో తెరిచినప్పుడు, కావలసిన భూమి దొరకక 2,500 మీటర్లకు బదులు 2,180 మీటర్లతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మొదట్లో మిగిల్చామనుకున్న కాలం కంటే ఎన్నో రెట్లు తరువాత పోయింది.

అపోహ: టికెట్‌లో కలిపే ఛార్జీల మీద మనకు మాట ఉండదు.

వాస్తవం: యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటివాటిని పెద్ద విమానాశ్రయాలకు ఏరా ఐదేళ్లకోసారి నిర్ణయిస్తుంది, ముందుగా సంప్రదింపుల పత్రం విడుదల చేసి, అభిప్రాయాలు తీసుకుని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని 2008 చట్టం చెబుతోంది. ప్రయాణికులకు, సరుకు పంపేవారికి ప్రాతినిధ్యం వహించే సంఘాలను ఆ చట్టం భాగస్వాములుగా గుర్తిస్తుంది. గల్ఫ్‌కు వెళ్లే పాలమూరు, నల్లగొండ కార్మికుల సంఘాలు గానీ, మామిడిని విమానంలో పంపాలనుకునే కొల్లాపూర్ రైతుల సంఘాలు గానీ ఈ ప్రక్రియలో తమ మాట రాసి పంపవచ్చు. విమానయాన కంపెనీలు ప్రతిసారీ పంపుతాయి.

అపోహ: పాలమూరు విమానాశ్రయం ఇంకా కాగితాల మీదే ఉంది, ఇప్పుడు మాట్లాడేది ఏమీ లేదు.

వాస్తవం: మహబూబ్‌నగర్ జిల్లాలో దేవరకద్ర ప్రాంతం గతంలో పరిశీలించిన స్థలాల్లో ఒకటి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రావడంపై శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో పరిమితి ఉంది. వరంగల్ మామునూరు విషయంలో జీఎంఆర్ సంస్థ నిరభ్యంతరం తెలిపాక 2025లో కేంద్రం ముందుకు వెళ్లింది. అంటే అది దాటరాని గోడ కాదు. స్థలం ఖరారు కాకముందే ఊళ్లు చేసుకోవలసిన పని చాలా ఉంది. పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పుంటే, తండ్రి పేరు మీదే భూమి ఉండిపోతే, 2020లో దరఖాస్తు పెట్టుకున్న సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న) కొనుగోలు ఇంకా నమోదు కాకపోతే, భూ రికార్డుల చట్టమైన భూభారతి కింద ఇప్పుడే దిద్దించుకోవాలి. గ్రామసభలో బండ్లబాటలు, వాగులు, మేత భూములు, శ్మశానం సర్వే నంబర్లతో సహా తీర్మానంగా రాయించి, ఒక ప్రతిని పంచాయతీలో, ఒక ప్రతిని తహసీల్దారు కార్యాలయంలో రసీదుతో ఉంచాలి.