కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో నిర్ణయం ఎవరిది?

కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కాలేజీ అధ్యక్షుడి ప్రసంగం విన్నా, ఏ పాలక మండలి అజెండా తిరగేసినా ఈమధ్య మూడు విషయాలు తప్పకుండా ఉంటాయి. ఉద్యోగం తెచ్చిపెట్టే శిక్షణ ఒకటి. అన్ని వర్గాల విద్యార్థులకూ సమానంగా చోటు దక్కడం రెండోది. పాలనలో అధ్యాపకులకు, సిబ్బందికి, విద్యార్థులకు భాగం ఉండడం మూడోది. మొదటి రెండింటి గురించి నాయకులు ఉత్సాహంగా మాట్లాడతారు. మూడోది వచ్చేసరికి గొంతులు మారతాయి, సమావేశాలు అర్ధరాత్రి దాకా సాగుతాయి. అయినా గత నలభై ఏళ్ళ చరిత్ర చూస్తే మొదటి రెండింటి తలరాతను తేల్చింది ఆ మూడోదే.

హైస్కూలు తర్వాత రెండేళ్ళ చదువు చెప్పే ఈ ప్రభుత్వ కళాశాలలది చిన్న వ్యవస్థ కాదు. 73 కళాశాల జిల్లాలు (ఒకటో కొన్నో కళాశాలలను నడిపే స్థానిక సంస్థలు), 116 కళాశాలలు, దాదాపు 20 లక్షల మంది విద్యార్థులు. అమెరికా ఉన్నత విద్యలో ఇంతకంటే పెద్ద వ్యవస్థ మరొకటి లేదు. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, మార్కులతో నిమిత్తం లేకుండా ఎవరైనా చేరవచ్చు. రాష్ట్రంలో నివాసమున్నవారికి ఫీజు యూనిట్‌కు (కోర్సు బరువును లెక్కించే కొలతకు) 46 డాలర్లు. క్యూపర్టినో, ఫ్రీమాంట్, శాన్ రామోన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ కళాశాలలు కొత్తేమీ కాదు. పిల్లలు రెండేళ్ళు ఇక్కడ చదివి బర్కిలీకో డేవిస్‌కో బదిలీ అవుతారు. భర్త ఉద్యోగం మీద వచ్చి హెచ్4 వీసాలో ఉండిపోయిన ఆడవాళ్ళకు మళ్ళీ చదువు మొదలుపెట్టడానికి చాలాసార్లు అందుబాటులో ఉన్న తలుపు ఇదే. మన దగ్గర విశ్వవిద్యాలయాల పాలక మండళ్ళకు ప్రభుత్వమే సభ్యులను నామినేట్ చేయడం చూసి వచ్చినవారికి, పాఠ్యాంశాల మీద అధ్యాపకుల మాటను చట్టంలోనే రాసిపెట్టిన ఏర్పాటు కాస్త వింతగా తోచవచ్చు. ఆ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలియాలంటే మూలాల్లోకి వెళ్ళాలి.

ఈ కళాశాలలు విశ్వవిద్యాలయాల కడుపున పుట్టలేదు, హైస్కూళ్ళ నుంచి పుట్టాయి. 1901లో ఇలినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో ఒక హైస్కూలు తన విద్యార్థులకు అదనంగా కళాశాల స్థాయి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1907లో కాలిఫోర్నియా శాసనసభ తన హైస్కూళ్ళకూ ఆ అనుమతి ఇచ్చింది. 1910లో ఫ్రెస్నో మొదటగా దాన్ని వాడుకుంది. పుట్టుక అలా ఉండడంతో పాలన కూడా బడి పద్ధతిలోనే సాగింది. సూపరింటెండెంట్ చెబుతాడు, ఉపాధ్యాయులు చేస్తారు. వృత్తివిద్య మీద ఒత్తిడి కూడా తొలినుంచీ ఉన్నదే. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో కేంద్రం వృత్తివిద్యకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఈ కళాశాలలకు రెండు ముఖాలు: ఒకటి విశ్వవిద్యాలయం వైపు, మరొకటి ఫ్యాక్టరీ వైపు.

1960 నాటి మాస్టర్ ప్లాన్ రాష్ట్ర ఉన్నత విద్యను మూడు అంతస్తులుగా విడదీసింది. హైస్కూలు పూర్తిచేసినవారిలో పై ఎనిమిదో వంతు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, పై మూడో వంతు రాష్ట్ర కళాశాలలకు వెళ్ళవచ్చు. మిగిలినవారందరికీ జూనియర్ కాలేజీలు, అంటే ఇప్పటి కమ్యూనిటీ కాలేజీలు. అందరికీ చోటు అన్న ఆదర్శం, కింది అంతస్తు అన్న చిన్నచూపు రెండూ ఒకే పత్రంలో కలిసి వచ్చాయి. 1967లో రాష్ట్రస్థాయి పాలక మండలికి చట్టం చేశారు. అయినా స్థానికంగా ఎన్నికైన ట్రస్టీలు (కళాశాల పాలక మండలి సభ్యులు), స్థానిక ఆస్తిపన్ను ఉన్నంతకాలం అసలు అధికారం ఊళ్ళోనే ఉండేది.

1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆ లెక్క తిప్పేసింది. ఆస్తిపన్ను విలువలో ఒక శాతానికి మించకూడదని కట్టడి చేయడంతో స్థానిక రాబడి ఒక్కసారిగా పడిపోయింది. డబ్బు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో నుంచి రావడం మొదలైంది, డబ్బు వెంట అధికారమూ అటే వెళ్ళింది. 1984లో తొలిసారి రాష్ట్రమంతటా తప్పనిసరి ఫీజు పెట్టారు. పూర్తికాలం చదివేవారికి సెమిస్టరుకు 50 డాలర్లు. చూడడానికి చిన్న మొత్తమే, కానీ ఉచితం అన్న మాట పోయింది, చేరేవారి సంఖ్య తగ్గింది. ఈ లోపు 1975 నాటి చట్టంతో అధ్యాపక సంఘాలకు జీతాల మీద బేరమాడే హక్కు వచ్చింది. బోధన మీద మాత్రం వారి మాట యాజమాన్యం దయ మీదే ఆధారపడి ఉండేది.

ఈ నేపథ్యంలో వచ్చిందే 1988 నాటి ఏబీ 1725 (అసెంబ్లీ బిల్లు 1725). శాసనసభ్యుడు జాన్ వాస్కన్‌సెలోస్ ప్రవేశపెట్టాడు, గవర్నర్ డ్యూక్‌మేజియన్ సంతకం చేశాడు. బదిలీ చదువు, వృత్తివిద్య ఈ కళాశాలల ప్రధాన బాధ్యతలని చట్టం చెప్పింది. అధ్యాపకుల అర్హతలను బడి పద్ధతి నుంచి విడదీసి కళాశాల పద్ధతిలోకి తెచ్చింది. బోధనా గంటల్లో 75 శాతం పూర్తికాల అధ్యాపకుల చేతిలో ఉండాలని లక్ష్యం పెట్టింది. వీటన్నిటి మధ్య, అధ్యాపకుల ప్రతినిధుల సభ అయిన సెనేట్‌కు చట్టబద్ధమైన స్థానం ఇచ్చింది. 1990లో వచ్చిన నిబంధనలు దాన్ని పదకొండు అంశాలుగా విడగొట్టాయి. కళాశాలల్లో వాటిని ఇప్పటికీ ‘టెన్ ప్లస్ వన్’ అనే పిలుస్తారు. పాఠ్యాంశాలు, డిగ్రీ అర్హతలు, గ్రేడ్లు, కొత్త కోర్సులు, బడ్జెట్ తయారీ పద్ధతి వంటివి అందులో ఉన్నాయి.

ఇది ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూడాలి. ఈ పదకొండింట్లో ప్రతి అంశానికీ పాలక మండలి రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటి దారిలో సెనేట్ సలహా మీదే ప్రధానంగా ఆధారపడాలి. కాదనాలంటే అసాధారణ కారణం ఉండాలి, సెనేట్ అడిగితే దాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. రెండో దారి పరస్పర అంగీకారం. అది కుదిరేదాకా సాధారణంగా పాత విధానమే నడుస్తుంది. సిబ్బందికి, విద్యార్థులకు ఇంత బలం లేదు. తమకు సంబంధించిన విషయాల్లో అర్థవంతంగా పాల్గొనే అవకాశం మాత్రం ఇవ్వాలి. సెనేట్ సమావేశాలకు రాష్ట్ర బహిరంగ సమావేశాల చట్టం వర్తిస్తుంది కాబట్టి 72 గంటల ముందే అజెండా పెట్టాలి, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఒక కోర్సు పేరు మార్చాలన్నా నెలలు పట్టడానికి ఇదొక కారణం. తెల్లవారేసరికి ఒక విభాగం మాయం కాకుండా కాపాడేదీ ఇదే.

ఈ ఏర్పాటును నేను మనసారా సమర్థిస్తాను. తరగతి గదిలో ఏం చెప్పాలో తరగతి గదిలో ఉన్నవారిని అడగడం న్యాయం. అందుకే దీని అత్యంత ఇబ్బందికరమైన అధ్యాయాన్ని దాటవేయకూడదు.

కళాశాలలో చేరే విద్యార్థిని మొదట ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవారు. గణితం, ఇంగ్లీషు పరీక్ష. హైస్కూలు మానేసి నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన యువతి బీజగణితం మరిచిపోయి ఉంటుంది. ఆ అరగంట తన రెండేళ్ళను తేల్చేస్తుందని ఆమెకు చాలాసార్లు ఎవరూ చెప్పేవారు కాదు. మార్కులు తక్కువ వస్తే డిగ్రీకి లెక్కకు రాని పునాది తరగతుల్లో వేసేవారు. గణితంలో ఇవి మూడు మెట్లు, కొన్నిచోట్ల నాలుగు. లెక్క కోసం ఇలా అనుకుందాం: ప్రతి మెట్టులో 70 శాతం పాసవుతారు, పాసైనవారిలో 80 శాతం తర్వాతి మెట్టులో చేరతారు. ఇవి చెడ్డ శాతాలేమీ కావు. అయినా మూడు మెట్ల కింద మొదలుపెట్టిన వందమందిలో డిగ్రీ స్థాయి గణితం పూర్తిచేసేది పన్నెండు మందే. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ ఎవరినీ గెంటేయలేదు. మెట్ల సంఖ్యే వాళ్ళను రాల్చేసింది. రాష్ట్రంలో సుమారు 80 శాతం విద్యార్థులు కనీసం ఒక పునాది తరగతిలోనైనా కూర్చోవలసి వచ్చేది. అట్టడుగు మెట్ల మీద నల్లజాతి, లాటినో విద్యార్థులే ఎక్కువగా ఉండేవారు.

ఇది కనబడక కాదు. ఏబీ 1725 వచ్చిన 1988లోనే మెక్సికన్ అమెరికన్ల న్యాయ సహాయ సంస్థ మాల్డెఫ్, ఫుల్లర్టన్ కళాశాల ప్రవేశ పరీక్షల మీద కోర్టుకు వెళ్ళింది. నిబంధనలు మారుస్తామని రాష్ట్ర కార్యాలయం ఒప్పుకోవడంతో 1991లో కేసు ముగిసింది. కాగితం మీద నిబంధనలు మారాయి, పరీక్షలు నిలిచాయి. అధ్యాపక సెనేట్లు తమ చేతిలో ఉన్న అధికారంతో ఆ మెట్లను కాపాడుకున్నాయి. ప్రమాణాలు పడిపోతాయన్న భయం నిజాయితీగలదే. కానీ దాని ఖరీదు విద్యార్థులు చెల్లించారు.

దారి చూపింది కూడా అధ్యాపకులే అన్నది అంతే ముఖ్యం. షబో కళాశాలలో ఇంగ్లీషు చెప్పే కేటీ హెర్న్, లాస్ మెడానోస్ కళాశాలలో గణితం చెప్పే మైరా స్నెల్ 2010లో కాలిఫోర్నియా యాక్సిలరేషన్ ప్రాజెక్టును మొదలుపెట్టారు. మెట్లు తగ్గించి, డిగ్రీ స్థాయి తరగతిలోనే అదనపు సాయం ఇవ్వాలన్నది వాళ్ళ వాదన. ఒక్కొక్క సెనేట్‌నూ ఒప్పించుకుంటూ వెళితే ఎన్నేళ్ళు పట్టేదో. 2017లో శాసనసభే కల్పించుకుని ఏబీ 705 చేసింది. పరీక్ష బదులు హైస్కూలు మార్కులు చూడాలి, డిగ్రీ స్థాయిలో నెగ్గలేరని గట్టి ఆధారముంటే తప్ప విద్యార్థిని కిందికి నెట్టకూడదు. 2019 శరదృతువుకల్లా కొత్తగా ఇంగ్లీషు తీసుకున్నవారిలో దాదాపు అందరూ నేరుగా డిగ్రీ స్థాయిలోనే మొదలుపెట్టారు. 2022లో ఆ నియమాన్ని ఇంకా బిగిస్తూ ఏబీ 1705 వచ్చింది. దాని అమలులో సైన్సు, ఇంజినీరింగు వైపు వెళ్ళేవారిని నేరుగా కాల్క్యులస్‌లో కూర్చోబెట్టే విషయం మీద గణిత అధ్యాపకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఈసారి వారి మాటలో బరువుందని నా అభిప్రాయం. ఇంగ్లీషుకు సరిపోయిన మందు కాల్క్యులస్‌కు సరిపోతుందని ముందే తేల్చేయడం తొందరపాటు.

అధ్యాపకులను పక్కనపెట్టి నడిచిన పక్షం కథ కూడా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో పాలన మరీ చీలిపోయిందని, ఆర్థిక పరిస్థితి బాగోలేదని గుర్తింపు కమిషన్ 2012లో హెచ్చరించింది. 2013 జులైలో గుర్తింపు రద్దు చేస్తామని ప్రకటించింది. ఎన్నికైన ట్రస్టీల అధికారాలు తీసేసి రాష్ట్రం నియమించిన ప్రత్యేక ట్రస్టీ చేతిలో పెట్టారు. నగర న్యాయవాది డెనిస్ హెరేరా దావా వేశారు. కమిషన్ నియమాలు తప్పిందని 2015 జనవరిలో జడ్జి తీర్పు చెప్పారు. 2017లో కళాశాలకు ఏడేళ్ళ గుర్తింపు తిరిగి దక్కింది. ఈలోగా వేలాది విద్యార్థులు వెళ్ళిపోయారు. కమిషన్ చూపిన లోపాల్లో నిజమున్నవి లేకపోలేదు. వైద్యం మాత్రం రోగంకంటే ప్రమాదకరమైంది.

ఉద్యోగ శిక్షణలోనూ ఇదే తేడా. 2016 బడ్జెట్‌లో స్ట్రాంగ్ వర్క్‌ఫోర్స్ పథకం ఏటా 20 కోట్ల డాలర్లతో మొదలైంది. 60 శాతం కళాశాలలకు, 40 శాతం ప్రాంతీయ కూటములకు. ఏ కోర్సు పెట్టాలో అక్కడి ఉద్యోగాల లెక్కలు చూసి కళాశాలలు కలిసి తేల్చుకోవాలి. 2014లో పదిహేను కళాశాలలకు ప్రయోగాత్మకంగా నాలుగేళ్ళ డిగ్రీ ఇచ్చే అనుమతి వచ్చింది. విమానాల తయారీ సంస్థలున్న పామ్‌డేల్ పక్కనే ఉన్న యాంటిలోప్ వ్యాలీ కళాశాల విమాన నిర్మాణ సాంకేతికతలో డిగ్రీ పెట్టింది. సైప్రస్ కళాశాల అంత్యక్రియల నిర్వహణ శాస్త్రంలో పెట్టింది. స్థానిక అవసరం, స్థానిక అధ్యాపకుల నేర్పు కలిసిన చోట ఆ కోర్సులు నిలిచాయి. 2021లో ఏబీ 927 ఆ ఏర్పాటును శాశ్వతం చేసింది.

కాల్‌బ్రైట్ అనే ఆన్‌లైన్ కళాశాల దారి వేరు. ఉద్యోగాల్లో చిక్కుకుపోయిన పెద్దవారికి ఆన్‌లైన్‌లో తమ వేగంతో నేర్చుకునే కళాశాల కావాలని గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంకల్పించాడు. 2018లో ఆరంభానికి 10 కోట్ల డాలర్లు, ఏటా 2 కోట్లు ఇచ్చారు. స్థానిక ట్రస్టీలు లేరు, రాష్ట్ర పాలక మండలే దాని మండలి. ఉన్న కళాశాలలు చేస్తున్న పనినే మళ్ళీ చేస్తోందని అధ్యాపక సంఘాలు మొదటినుంచీ వ్యతిరేకించాయి. 2019 అక్టోబరులో తెరిచారు. కొద్ది నెలల్లోనే తొలి అధిపతి రాజీనామా చేశారు. 2021లో రాష్ట్ర ఆడిటర్ తీవ్రంగా తప్పుబట్టారు. మూసేయాలన్న బిల్లును శాసనసభ దిగువ సభ ఆమోదించింది, ఎగువ సభలో అది ఆగిపోయింది. కాల్‌బ్రైట్ ఇప్పుడు నిలదొక్కుకుంటోంది. అది ఉద్దేశించిన శ్రామికుల అవసరం నిజమైనదే. ఆ అవసరం తెలిసినవారిని ముందే కూర్చోబెట్టి ఉంటే తొలి ఏళ్ళు ఇంతగా వృథా అయ్యేవి కావు.

2023 జూన్‌లో సోన్యా క్రిస్టియన్ ఈ వ్యవస్థ మొత్తానికి అధిపతి, అంటే రాష్ట్ర చాన్సలర్ అయ్యారు. కేరళలో పుట్టి పెరిగి, బేకర్స్‌ఫీల్డ్ కళాశాల అధ్యక్షురాలిగా పనిచేసి వచ్చిన ఆమె, శాశ్వత హోదాలో ఈ పదవి చేపట్టిన తొలి మహిళ. ‘విజన్ 2030’ పేరుతో ఆమె పెట్టిన కార్యక్రమంలో పనిచేస్తూ నేర్చుకునేవారికి, హైస్కూలు పిల్లలకు, ఇంకా కళాశాల గడప తొక్కని పెద్దవారికి చదువును దగ్గర చేయడం ముఖ్యాంశం. అదే ఏడాది ఉద్యోగుల పనితీరు మదింపులో వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకుపోవడం అన్నవాటిని చేర్చే రాష్ట్ర నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాక్‌స్వేచ్ఛకు భంగమని కొందరు అధ్యాపకులు ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం, విద్యార్థుల్లో కనీసం పాతిక శాతం లాటినోలున్న సంస్థలకూ ఇతర అల్పసంఖ్యాక విద్యార్థుల సంస్థలకూ ఇచ్చే పోటీ గ్రాంట్లు, సుమారు 35 కోట్ల డాలర్ల మేర, ఆపేసింది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో అత్యధికం ఆ కోవలోనివే. ట్యూటర్లను, సలహాదారులను ఆ డబ్బుతోనే పెట్టుకున్న కళాశాలల్లో ఇప్పుడు ఏది తగ్గించాలన్న చర్చ నడుస్తోంది. ఆ చర్చ బడ్జెట్ పద్ధతి కిందికి వస్తుంది, అంటే టెన్ ప్లస్ వన్‌లోకే.

ఆ చర్చలో కూర్చునేది ఎవరు? 1988 నాటి 75 శాతం లక్ష్యాన్ని రాష్ట్రం ఇప్పటికీ చేరుకోలేదు. తలల లెక్కన చూస్తే అధ్యాపకుల్లో ఎక్కువమంది తాత్కాలికులే. ఒక జిల్లా వారికి పూర్తికాల బోధనా భారంలో 67 శాతానికి మించి పని ఇవ్వకూడదు కాబట్టి వాళ్ళు రెండు మూడు జిల్లాల మధ్య కారులో తిరుగుతూ పాఠాలు చెబుతారు. మధ్యాహ్నం మూడింటికి సెనేట్ సమావేశమైతే ఆ సమయానికి వాళ్ళు మరో ఊరి ఫ్రీవే మీద ఉంటారు. సమావేశాలకు వచ్చిన గంటలకు వారికి జీతమిచ్చే జిల్లాలు కొన్నే. నిజంగా ఉమ్మడి పాలన కోరుకునే నాయకత్వం ముందుగా ఖర్చుపెట్టవలసింది అక్కడ.