కొత్త నాణేలు ఎక్కువైతే సేకరణ మానేస్తారా? అపోహలు - వాస్తవాలు

నాణేల ఎగ్జిబిషన్ ఏ ఊళ్లో పెట్టినా టీ దగ్గర సీనియర్లు కలిస్తే ఒకటే మాట: "మా రోజుల్లో ఏడాదికి ఒకటో రెండో స్మారక నాణేలు వచ్చేవి. ఇప్పుడు ఎవరి జయంతి వచ్చినా ఒకటి దించుతున్నారు. ఇన్ని వస్తుంటే ఎవడు కొంటాడు? కుర్రాళ్లు ఇటువైపు రానిది అందుకే."

హైదరాబాద్‌లో పాత నాణేలు కొని అమ్మడం నా వృత్తి. మొదటిసారి ఆల్బమ్ కొనుక్కునే పిల్లల్నీ, ముప్పై ఏళ్ల కలెక్షన్ మొత్తం అమ్మేసి వెళ్లిపోయే పెద్దల్నీ దగ్గర నుంచి చూస్తుంటాను. మానేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ వాళ్లు చెప్పే కారణాల్లో "డిజైన్లు ఎక్కువయ్యాయి" అన్నది చాలా అరుదు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. అవి తెలియాలంటే మన లోకంలో తిరిగే కొన్ని నమ్మకాలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

అపోహ: డిజైన్లు పెరిగే కొద్దీ సేకరించేవాళ్లు తగ్గుతారు

వాస్తవం: దీనికి పూర్తిగా ఎదురు నడిచిన ఉదాహరణ అమెరికాది. 1999 నుంచి 2008 దాకా వాళ్లు పావు డాలరు నాణెం మీద ఒక్కో రాష్ట్రానికి ఒక్కో డిజైన్ వేశారు. ఏడాదికి ఐదు చొప్పున మొత్తం యాభై. ఆ నాణేలను దాచుకున్నవాళ్లు 14 కోట్ల మందికి పైనే ఉంటారని అక్కడి టంకశాల (నాణేలు ముద్రించే కేంద్రం) అంచనా. యాభై డిజైన్లు జనాన్ని బెదరగొట్టలేదు సరికదా, అంతకుముందు నాణెం వైపు తిరిగి చూడనివాళ్ల చేత కూడా ఆల్బమ్‌లు కొనిపించాయి. ఎందుకంటే ఆ నాణేలు చిల్లరలో వచ్చేవి. పావు డాలరు నాణెం ఖరీదు పావు డాలరే. వరస ముందే తెలుసు, ఎక్కడ ముగుస్తుందో కూడా తెలుసు.

తర్వాత 2010 నుంచి 2021 దాకా జాతీయ పార్కులు, చారిత్రక స్థలాల పేరుతో ఇంకో 56 డిజైన్లు వచ్చాయి. ఈసారి ఊపు తగ్గింది. "చూశారా, విసుగొచ్చింది" అన్నారు. అయితే అదే వరసలో 2019లో వెస్ట్ పాయింట్ టంకశాల ఆ ఏడాది ఐదు డిజైన్లనూ తన గుర్తు అయిన 'డబ్ల్యూ' అక్షరంతో ఒక్కోటి 20 లక్షల చొప్పున ముద్రించింది. వాటిని ప్యాకెట్లలో పెట్టి అమ్మకుండా నేరుగా చలామణిలోకి వదిలేసింది. జనం మళ్లీ బ్యాంకుల నుంచి చిల్లర రోల్స్ తెచ్చుకుని వెతకడం మొదలుపెట్టారు. డిజైన్లు ఒక్కటీ తగ్గలేదు. వెతికితే దొరుకుతుందన్న ఆశ ఒక్కటే కొత్తగా వచ్చింది.

అపోహ: మన దగ్గర ఈ మధ్యే స్మారక నాణేలు మితిమీరాయి, అందుకే ఆసక్తి పోయింది

వాస్తవం: స్వతంత్ర భారతదేశపు మొదటి స్మారక నాణెం 1964లో నెహ్రూ మరణం తర్వాత వచ్చింది. రూపాయి, అర్ధరూపాయి బిళ్లలు. 1969లో గాంధీ శత జయంతికి ఇరవై పైసల నుంచి పది రూపాయల వెండి నాణెం దాకా వచ్చాయి. డెబ్భైల్లో ఆహారం, కుటుంబ నియంత్రణ, మహిళా సంవత్సరం, బాలల సంవత్సరం అంటూ దాదాపు ప్రతి ఏటా ఏదో ఒకటి దిగింది. 1982లో ఆసియా క్రీడలు. ఆ తర్వాత రెండు రూపాయల మీద పటేల్, సుభాష్ చంద్రబోస్, శివాజీ, అరబిందో, లూయీ బ్రెయిల్. ఐదు రూపాయల మీద దండి యాత్ర, మదర్ థెరిసా, తంజావూరు బృహదీశ్వరాలయం. ఇన్ని వచ్చిన ఆ రోజుల్లోనే మన పిల్లలు పెద్ద ఎత్తున సేకరణలోకి వచ్చారు. ఆర్టీసీ బస్సులో కండక్టర్ ఇచ్చిన చిల్లరను తిప్పి చూసుకునే అలవాటు ఉన్న తరం అది. ఈ రోజు నా దగ్గర పెద్ద మొత్తాలు పెట్టి నిజాం నాణేలు, విజయనగర వరహాలు కొనే చాలామంది అలా చిల్లరతో మొదలైనవాళ్లే.

మరి ఇప్పుడు ఏం మారింది? స్మారక నాణెం జేబులోంచి డబ్బాలోకి వెళ్లిపోయింది. 2023లో వచ్చిన ఎన్టీఆర్ శత జయంతి వంద రూపాయల నాణెమే తీసుకోండి. మన హైదరాబాద్ టంకశాలలోనే ముద్రించారు. ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, ఐదేసి శాతం నికెల్, జింక్. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. ముఖ విలువ వంద రూపాయలైనా ప్యాకింగ్‌తో కలిపి అమ్మిన ధర నాలుగు వేలు దాటింది. అదే ఏడాది కొత్త పార్లమెంటు భవనం పేరుతో వచ్చిన 75 రూపాయల నాణేనిదీ ఇదే లోహం, ఇదే బరువు. 2024లో రిజర్వు బ్యాంకు 90 ఏళ్ల నాణెం 40 గ్రాముల మేలిమి వెండితో వచ్చింది. ఇవేవీ చలామణి కోసం చేసినవి కావు. కిరాణా కొట్టులో, బస్సులో చేతికి వచ్చే ప్రశ్నే లేదు.

నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టుకునే డిగ్రీ కుర్రాడు ఏడాదికి ఇలాంటివి ఎన్ని కొనగలడు? అతన్ని ఆపుతున్నది డిజైన్ల సంఖ్య కాదు, ధర. నాలుగు వేల నాణేలు ఏడాదికి రెండే వచ్చినా అతను బయటే ఉంటాడు. పది రూపాయల నాణేలు ఏడాదికి పన్నెండు వచ్చినా ఆనందంగా లోపలికి వస్తాడు.

ఎన్టీఆర్ నాణెం విషయంలో నాకు ఇంకొకటి అర్థమైంది. దాన్ని కొన్నవాళ్లలో చాలామందికి నాణేల సేకరణతో సంబంధమే లేదు. ఒక్కటి కొని ఇంట్లో షోకేస్‌లో పెట్టుకున్నారు. రెండో నాణెం ఎప్పటికీ కొనరు. 2025 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయిబాబా శత జయంతి నాణెం విడుదలైనప్పుడు భక్తుల్లోనూ అదే చూశాను. వాళ్ల అభిమానాన్ని తక్కువ చేయడం లేదు. అలాంటి నాణేలు వాళ్ల కోసమే ఉంటాయి, ఉండాలి. కానీ ఆ అమ్మకాలు చూసి సేకరణ పెరిగిందనుకోవడం, ఆ నాణెం కొనని సేకర్తను చూసి సేకరణ పడిపోయిందనుకోవడం రెండూ తప్పే.

అపోహ: ఒకప్పుడు అమెరికాలో స్మారక నాణేల మార్కెట్ కూలింది డిజైన్లు ఎక్కువయ్యే

వాస్తవం: సీనియర్లు తరచుగా ఎత్తే ఉదాహరణ ఇది. సగమే నిజం. 1930ల మధ్యలో అక్కడ స్మారక అర డాలర్లు వరస కట్టాయి. ఒక్క 1936లోనే ఇరవైకి పైగా రకాలు వచ్చాయి. అయితే జనానికి ఒళ్లు మండింది కొత్త బొమ్మల మీద కాదు. డేనియల్ బూన్, టెక్సస్, ఆర్కాన్సా, ఓరెగాన్ ట్రెయిల్ లాంటి నాణేలను అదే బొమ్మతో ఏళ్ల తరబడి, ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో మూడు టంకశాలల నుంచీ మళ్లీ మళ్లీ దించారు. సెట్ పూర్తి కావాలంటే ప్రతి ఏడూ మూడేసి కొనాలి. వాటిలో కొన్నిటిని కావాలనే రెండు వేల చొప్పున ముద్రించారు. అవి వ్యాపారుల చేతుల్లోకి వెళ్లి బయట అనేక రెట్ల ధర పలికాయి. మామూలు సేకర్తకు దొరకనే లేదు. ఓరెగాన్ ట్రెయిల్ డిజైన్‌ను ఈనాటికీ అమెరికా నాణేల్లో అత్యంత అందమైన వాటిలో ఒకటిగా చెబుతారు. అంత అందమైన బొమ్మ కూడా ఆ విసుగును ఆపలేకపోయింది. 1954 తర్వాత అక్కడ స్మారక నాణేలు ఆగిపోయి, మళ్లీ 1982లోనే మొదలయ్యాయి.

నేను ఒప్పుకునే ఉదాహరణ ఒకటి ఉంది. 1995-96 అట్లాంటా ఒలింపిక్స్. 16 డిజైన్లు, ఒక్కోటి రెండు రకాల ఫినిష్‌లో (మామూలుది, అద్దంలా మెరిసే 'ప్రూఫ్'), మొత్తం 32 నాణేలు, అందులో బంగారంవి కూడా. సెట్ కొనేవాళ్లు నిజంగానే చేతులెత్తేశారు. 1996లోనే చట్టం తెచ్చి, 1999 నుంచి ఏడాదికి రెండు స్మారక కార్యక్రమాలే ఉండాలని పరిమితి పెట్టుకున్నారు. యూరప్‌లోనూ రెండు యూరోల స్మారక నాణేలకు దేశానికి ఏడాదికి రెండే అన్న నియమం ఉంది. కానీ అవి చిల్లరలో తిరిగే నాణేలు కాబట్టి, ఇన్ని దేశాలవి కలిపి ఏటా పదుల సంఖ్యలో వచ్చినా జనం సంతోషంగా పోగేస్తున్నారు.

అపోహ: ఎక్కువ డిజైన్లు వస్తే అన్నిటి ధరా పడిపోతుంది

వాస్తవం: జనం కొనకుండా వదిలేసిన నాణేలే తర్వాత అరుదైనవి కావచ్చు. అట్లాంటా సెట్‌లో వీల్‌చెయిర్ క్రీడాకారుడి వెండి డాలర్ మామూలు ఫినిష్‌లో అమ్ముడైంది సుమారు 14,500 మాత్రమే. 1997 జాకీ రాబిన్సన్ ఐదు డాలర్ల బంగారు నాణెం ఆ ఫినిష్‌లో 5,174. ఆనాడు ఎవరూ పట్టించుకోని ఆ నాణెం తర్వాత ఏళ్ల తరబడి తనలోని బంగారం విలువకు కొన్ని రెట్లు పలికింది. ఇది చదివి అన్నీ కొనేయకండి. ఏది మిగిలిపోతుందో, ఏది అరుదవుతుందో ఎవరికీ ముందు తెలియదు. తెలుసని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

అపోహ: వైష్ణోదేవి నాణేనికి లక్షలు వస్తాయి

వాస్తవం: రావు. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన ఆ ఐదు, పది రూపాయల నాణేలు చలామణి కోసం భారీగా ముద్రించినవి.

దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ రంగానికి జరుగుతున్న అసలు నష్టం ఇక్కడే ఉంది. మొన్నామధ్య ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. రుమాలు విప్పితే వైష్ణోదేవివి, కామన్వెల్త్ క్రీడలవి కలిపి గుప్పెడు. "అన్నా, యూట్యూబ్‌ల ఒక్కోదానికి రెండు లక్షలన్నరు. మీరు ఎంతిస్తరు?" నేను ధర చెప్పేసరికి ఆయన ముఖం మారిపోయింది. నన్ను మోసగాడనుకున్నారేమో, రుమాలు కట్టేసుకున్నారు. కానీ ఆ పిల్లాడు మాత్రం భూతద్దం అందుకుని, ఏడాది కింద ఉన్న చిన్న నక్షత్రం (హైదరాబాద్ టంకశాల గుర్తు) చూసి "డాడీ, ఇది హైదరాబాద్‌ది" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు బాధ ఎక్కువైంది. ఆ బాబు ఆ రోజే మా వాడైపోవాల్సినవాడు. తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయారు.

పాత నోట్లు, నాణేల అమ్మకాల పేరుతో, రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ముందు ఫీజు కట్టమన్నవాడు ఎవడైనా మోసగాడే. లక్షలొస్తాయని వచ్చి ఉత్తచేతులతో వెళ్లినవాళ్లు నాణేలనే అసహ్యించుకుంటారు. కొత్త డిజైన్ చూసి ఎవరూ అలా వెళ్లిపోరు.

అపోహ: అయితే ఎన్ని డిజైన్లు వచ్చినా ఎవరికీ ఇబ్బంది లేదు

వాస్తవం: ఉంది. కాకపోతే సేకర్తకు కాదు, కొట్టువాడికి. పది రూపాయల నాణెం తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో ఎందుకు చెల్లలేదో గుర్తుచేసుకోండి. రూపాయి గుర్తు ఉన్నదీ లేనిదీ, పది గీతలదీ పదిహేను గీతలదీ, అంబేద్కర్‌దీ, యోగా దినోత్సవానిదీ అన్నీ ఒకేసారి గల్లాపెట్టెలో పడేసరికి "ఇందులో నకిలీవి ఉన్నాయి" అన్న పుకారు లేచింది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన చేయాల్సి వచ్చింది. డిజైన్ మార్చినప్పుడు జనానికి గట్టిగా చెప్పకపోతే జరిగేది ఇదే. ఆ పుకారు రోజుల్లో మా దగ్గరకొచ్చే పిల్లలకు మాత్రం పండగే. ఎవరూ తీసుకోని నాణేలు వాళ్లకు ముఖ విలువకే దొరికాయి.

అపోహ: సెట్ పూర్తి కాకపోతే అది కలెక్షనే కాదు

వాస్తవం: ఈ పట్టుదల ఉన్నవాళ్లే కొత్త డిజైన్లకు నిజంగా అలిసిపోతారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ సేకరణకు హద్దు గీసుకోవాల్సింది ప్రభుత్వం కాదు, మనం. జాతీయ సమైక్యత పేరుతో వచ్చిన భారతదేశ పటం రెండు రూపాయల బిళ్ల చూడండి. పదకొండు భుజాల నాణెం, డిజైన్ ఒకటే. కానీ ఏడాదికో రకం. ఏ టంకశాలలో ముద్రించారో గుర్తు చెబుతుంది: ఏడాది కింద డైమండ్ ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఆ ఒక్క డిజైన్‌తో ఆల్బమ్ నింపినవాళ్లు నాకు తెలుసు. 1985 రూపాయి బిళ్ల మీద ఏడాది కింద 'హెచ్' కనిపిస్తే అది ఇంగ్లండ్‌లోని హీటన్ మింట్‌లో చేసింది. ఇలాంటివి తెలిశాక డిజైన్లు ఎన్నొచ్చాయన్న లెక్క ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్ నక్షత్రం ఉన్నవే పోగుచేయండి, లేదా క్రీడలవే, లేదా స్వాతంత్ర్య సమరయోధులవే. మిగతావి వచ్చినా మీకు టెన్షన్ ఉండదు.

అపోహ: ప్రభుత్వం స్మారక నాణేలు తగ్గిస్తే సేకరణ మళ్లీ పుంజుకుంటుంది

వాస్తవం: తగ్గించడం కాదు, చిల్లరలోకి తేవడం కావాలి. 2015లో అంబేద్కర్ 125వ జయంతికి 125 రూపాయల నాణెంతో పాటు పది రూపాయల నాణెం కూడా తెచ్చారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 125వ జయంతికీ అంతే. 2022 జూన్‌లో అమృత మహోత్సవ్ గుర్తుతో రూపాయి నుంచి ఇరవై రూపాయల దాకా ఐదు నాణేలు చలామణికి విడుదల చేశారు. దారి మనకు తెలియనిది కాదు. వెండి నాణెం కొనగలిగినవాళ్లు కొనుక్కుంటారు. ప్రతి స్మారక నాణేనికీ జతగా ఒక ఐదు రూపాయలదో, పది రూపాయలదో బ్యాంకు కౌంటర్లకు పంపితే చాలు. దాన్ని తిప్పి చూసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.